కింది మడత

మొదటి పాట అందుకున్నారు. అందరితో పాటు తాత కూడా లేచి నిలబడ్డాడు. పెదవులు కదిపాడు గానీ గొంతు కలపలేదు. ఎప్పుడూ కలపడు, ఆ సంగతి ముందు బల్లల వాళ్ళకీ తెలుసు, వెనక బల్లల వాళ్ళకీ తెలుసు. ఈ పాట అయ్యాక ఇంకో పాట, ఆ తర్వాత పాస్టరు చెప్పే వాక్యం, వాక్యం అయ్యాక పిల్లల వంతు. పిల్లల వంతు అంటే ఈ ఏడు తన వంతు. రేపు బడి తెరుస్తారు. బడి తెరిచే ముందు ఆదివారం పిల్లలందరూ బడి బట్టలు వేసుకుని, పుస్తకాల సంచులు మోసుకుని మందిరానికి రావడం, సంచులు ముందు మెట్టు మీద వరసగా పెట్టడం, పాస్టరు ఒక్కో ఇంటిని పిలిచినప్పుడు ఆ ఇంటి పెద్ద లేచి వెళ్ళి బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం ఈ సంఘంలో ఎప్పట్నించో ఉన్న పద్ధతి. మనసులో చేసుకుంటే కుదరదు. నలుగురికీ వినపడాలి. ఏ ఇంటి బిడ్డ కోసం ఏం అడిగారో మిగతా ఇళ్ళకి తెలిస్తేనే ఏడాది పొడుగునా వాళ్ళూ అడుగుతారు, అదీ లెక్క. ఇన్నేళ్ళూ ఆ పని ఇంటావిడ చేసింది. ఇప్పుడు ఆవిడ లేదు, ఇంటికి పెద్ద తనే. పెద్దంటే నోరున్న పెద్ద కావాలి గానీ కత్తెర పట్టుకునే పెద్ద ఎందుకు పనికొస్తాడు అనుకున్నాడు తాత, అనుకుంటూ పక్కన నిలబడ్డ మనవరాలి వంక చూశాడు. అది పాట పాడటం లేదు. తన పెదవుల వంకే చూస్తోంది.

ఇంట్లో దాన్ని గువ్వ అంటారు. పోయిన ఏడు బడి తెరిచిన కొత్తల్లోనే జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది కీళ్ళలోకి దిగింది, కీళ్ళలోంచి గుండె దాకా పాకింది, మంచం దిగకూడదన్నాడు డాక్టరు. దిగలేదు. వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, పిల్ల మంచం మీదే ఉంది, మంచం పక్కన కిటికీ, కిటికీ పక్కన తన మిషను. జుట్టంతా ఊడి ఇప్పుడిప్పుడే పిట్ట ఈకల్లా మొలుస్తోంది. ఇక భయం లేదు, బడికి పంపండి అన్నాడు డాక్టరు. పిల్లేమో వెళ్ళనని భీష్మించుకుని కూర్చుంది. తోటి పిల్లలంతా పై తరగతికి వెళ్ళిపోయారు, తను మాత్రం వెనక్కి, చిన్నపిల్లల మధ్యకి. వాళ్ళ పక్కన నేను ఒంటెలా ఉంటానమ్మా అంది తల్లితో. తల్లి బతిమాలింది, కసిరింది, ఓడ మీద పనిచేసే మొగుడికి ఫోను కలిపి ఇచ్చింది. అల్లుడు సముద్రం మీంచి ఏదో చెప్పాడు, సగం గాలికి పోయింది. ఆ మర్నాడు పిల్ల వచ్చి మిషను పక్కన నిలబడింది. తాతా, నువ్వు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే వెళ్తా. నోట్లో గుండుసూదులున్నాయి, తాత గడ్డంతో తల్లి వైపు చూపించాడు. అమ్మ కాదు, నువ్వే. పైకి చెయ్యాలి, నాకు వినపడాలి. ఒక్కో సూదీ తీసి దిండుకి గుచ్చి, నాకు రాదే అన్నాడు. అయితే నాకూ బడి రాదు అంది. అని ఊరుకుంటే బాగుండేది. నాకు బాలేనప్పుడు అందరూ చేశారు తాతా, అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది, నాన్న ఫోన్లో చేశాడు, డ్రైవరు తాత కూడా వచ్చి చేశాడు, నువ్వొక్కడివే చెయ్యలేదు, నేను వింటూనే ఉన్నా, నీ వైపు నించి మిషను చప్పుడే వినపడేది. అది కోపంగా అనలేదు. ఎండ కాసింది, వాన కురిసింది అన్నట్టే అంది. దాని కాళ్ళ చప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోయాక కూడా తాత మిషను చక్రం మీద చెయ్యి తీయలేదు.

పాట అయింది, కూర్చున్నారు. బల్ల కిర్రుమంది. ముందు మెట్టు మీద సంచులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి, కొత్త సంచుల వాసన, గంజి వాసన, పైన ఫ్యాను తిరుగుతుంటే ఆ వాసన విడతలు విడతలుగా వస్తోంది. ముందు రెండు బల్లల నిండా పిల్లలే, అందరి వీపులూ తనకి తెలిసినవే. ఆ చివర కూర్చున్నవాడి ఎడమ భుజం కాస్త కిందికి ఉంటుంది, ఆ వైపు లోపల చిన్న బట్టముక్క దూర్చి కుట్టాడు, వాళ్ళమ్మకి కూడా తెలియదు. ఈ జడల పిల్లకి కాలరు గుచ్చుకుంటే ఏడుపొస్తుంది, మెత్తబట్ట వేశాడు. బడి తెరిచే ముందు రోజుల్లో కొట్టు నిండా పిల్లలు, తల్లులు. తల్లులందరిదీ ఒకటే మాట, ఎదిగే పిల్లడండీ కాస్త పెద్దగా కుట్టండి, ఎదిగే పిల్లండీ కింద మడత ఎక్కువ పెట్టండి. మాట్లాడాల్సిన పని లేదు. నోట్లో సూదులు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. పిల్లలతో మాత్రం నాలుగు మాటలు చెప్పాలి, ఎవరొచ్చినా అవే మాటలు, సూదుల సందులోంచే వచ్చేస్తాయి. ఇంతకు మించి ఆయన నోట మాట విన్నవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారో. గుండుసూది తాత అని పేరు పెట్టారు పిల్లలు. ఆవిడకి ఆ పేరు తెలిసిన రోజు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. సరిగ్గానే పెట్టార్లే, నేను కాపరానికొచ్చినప్పట్నించీ ఆ సూదులు తీయిద్దామనే చూస్తున్నా అంది. బదులు చెప్పక్కర్లేకుండా చెప్పడం ఆవిడకొక్కదానికే వచ్చు.

ఎంత మాట్లాడేదో. ఈ మెట్టు మీదే నిలబడి మనవరాలి తల మీద చెయ్యి పెట్టిందంటే వీధి చివర కొళాయి తిప్పినట్టే. దాని పలక, దాని పెన్ను, దాని పక్కన కూర్చునే పిల్ల, ఆ పిల్లకి వచ్చే దగ్గు, లెక్కలు చెప్పే టీచరు మోకాళ్ళ నొప్పులు, రోడ్డు దాటేటప్పుడు వచ్చే లారీలు, లారీలు తోలే వాళ్ళ నిద్ర, అన్నీ ప్రభువుకి ఒప్పజెప్పేది. ఒకసారి పాస్టరు ఉండబట్టలేక, అమ్మా, మిగతా పిల్లలక్కూడా ప్రభువుని కాస్త మిగల్చండి అన్నాడు. మందిరమంతా ఘొల్లుమంది. ఆవిడేమన్నా తక్కువదా, ఆయన తరిగేవాడైతే మనమందరం ఇక్కడెందుకున్నాం బాబూ, కూర్చో నువ్వు అంది, అని ఇంకొంచెం సేపు చేసింది. పాస్టరు ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటాడు. అతని మొదటి బడి నిక్కరు కుట్టింది తనే. మొన్న కొట్టుకి వచ్చినప్పుడు తాత తనకున్న ధైర్యమంతా కూడగట్టుకుని, బాబూ మా పిల్లకి నువ్వు చేసెయ్యరాదూ అని అడిగాడు. చెయ్యొచ్చు తాతగారూ, కానీ పిల్ల అడిగింది నన్ను కాదుగా అన్నాడు. పొడుగ్గా అక్కర్లేదు, రెండు మాటలు చాలు. ఆ రెండే లేవు బాబూ అన్నాడు తాత. పాస్టరు నవ్వలేదు. కూతురు ఇంకో దారి చెప్పింది, నాన్నా నేను రాసిస్తా, చూసి చదివెయ్. అది కాగితం మాట ఎత్తగానే తాత లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

మూడో తరగతి. పుస్తకం చేతిలో పెట్టి, లేచి నిలబడి చదవరా అన్నారు మేష్టారు. మంచివాడే మేష్టారు, కొట్టలేదు. అక్షరాలు కంటికి కనపడుతూనే ఉన్నాయి, ఇది ఇది అని తెలుస్తూనే ఉంది, నోటి దాకా రావడం లేదు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు, ఆ తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత గదంతా. మేష్టారు కసిరారు, కసిరితే నవ్వు ముక్కుల్లోంచి వచ్చింది. రోజూ తన వంతు వచ్చేది. వరసలో ముందున్న పిల్లలు చదువుతుంటే ఒక్కొక్కరే తగ్గుతూ తన దాకా రావడం, అదీ చదువు మీద ఆయనకి మిగిలిన జ్ఞాపకం. ఆ ఏడు సెలవుల్లో కాజాలు కుట్టడం నేర్చుకోమని దర్జీ కొట్లో కూర్చోబెట్టాడు నాన్న. సెలవులు అయిపోయాయి, బడి తెరిచారు. ఆయన్ని వెళ్ళమని ఎవరూ అనలేదు, ఎందుకు వెళ్ళవని ఎవరూ అడగలేదు. తనూ ఏడవలేదు. గుండుసూదులు నోట్లో పెట్టుకోవడం నేర్పించాడు గురువు, నోట్లో సూదులుంటే ఎవరూ ఏమీ అడగరని తనకి తనే నేర్చుకున్నాడు. బల్ల మీద ఇప్పుడు పక్కన కూర్చున్న ఈ పిల్ల రేపు ఒక గదిలోకి వెళ్ళాలి, గదంతా తిరిగి చూస్తుంది, దాని జుట్టు చూస్తుంది, పొడుగు చూస్తుంది. దానికి తెలుసు, తనకీ తెలుసు. సూదుల దారి ఎంత సుఖంగా ఉంటుందో, ఆ దారి పట్టినవాడు మళ్ళీ వెనక్కి రాలేడన్న సంగతీ తెలుసు. వెళ్ళకపోతే పోనీలే అని నోటి చివరి దాకా వచ్చి ఆగింది ఈ వారంలో ఎన్నిసార్లో. ఆ ఒక్క మాటా అనకుండా ఉండటమే చేయగలిగాడు.

రెండో పాటకి లేచారు. లేవగానే అటు పక్క నించి మోచేయి తగిలింది. బస్సు డ్రైవరు, రిటైరయ్యాడు, ఏళ్ళ తరబడి ఈ బల్ల మీద పక్క పక్కనే. బావా, ఈవేళ మమ్మల్నందర్నీ కొలుస్తావా ఏంటి అన్నాడు చెవిలో. తాతకి అర్థం కాలేదు. డ్రైవరు కళ్ళతో మెడ వైపు చూపించాడు. తడుముకుంటే టేపు. కోటు కాలరు కింద నించి రెండు కొసలూ బయటికి వేలాడుతున్నాయి. పొద్దున గౌను చివరి కుట్టు వేసి, ఇస్త్రీ చేసి, పిల్లకి తొడిగి, ఆలస్యమైపోతోంది నాన్నా అని కూతురు వాకిట్లోంచి అరుస్తుంటే కోటు తగిలించుకుని వచ్చేశాడు. దారంతా ఇలాగే నడిచాడన్నమాట. ఎదురైనవాళ్ళంతా తల ఊపారు, నవ్వారు కూడా, పిల్ల లేచి నడుస్తోందని నవ్వుతున్నారనుకున్నాడు. ఆవిడుంటే గుమ్మం దాటనిచ్చేదా. ఇప్పుడు తీస్తే పాము తీసినట్టు బారుగా వస్తుంది, వెనకవాళ్ళు చూస్తారు. కొసలు లోపలికి దోపుకున్నాడు. భయంగా ఉందా బావా అన్నాడు డ్రైవరు, ఈసారి వెటకారం లేదు. తాత తల ఊపాడు. మరేం ఫర్లేదు, నేను రోజూ తాళం తిప్పి బండి కదిలించే ముందు గడగడలాడేవాణ్ణి, వెనక కూర్చున్నోళ్ళు ఇంజను వణుకుతోందనుకునేవాళ్ళు.

వాక్యం మొదలైంది. పాస్టరు ఏటా ఈ ఆదివారానికి ఎంచుకునే కథే ఎంచుకున్నాడు, బిడ్డని దేవుడి మందిరంలో వదిలి, ఏడాదికోసారి చూడ్డానికి వెళ్ళేటప్పుడల్లా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్ళిన తల్లి కథ. తాత జీవితం మొత్తమ్మీద వాక్యం గురించి ఒక్క మాట అన్నాడు, అదీ ఈ తల్లి గురించే. పెళ్ళయిన కొత్తల్లో, మందిరం నించి ఇంటికి నడిచొస్తుంటే, ఏడాదికోసారి చూసే తల్లి కొలత ఎలా తీసుకునేదంటావ్ అని అడిగాడు ఆవిణ్ణి. తల్లికి టేపెందుకయ్యా అంది. కాదు, మడత ఎక్కువ ఉంచి ఉంటుంది అన్నాడు. అంతే. ఆవిడ నడిరోడ్డు మీద ఆగిపోయి మొహంలోకి చూసింది. వచ్చే ఆదివారానికి ఆ మాట సంఘమంతా పాకింది, మా ఆయన అన్నాడు అని చెప్పుకుంది, పాస్టర్లు మారినప్పుడల్లా కొత్త పాస్టరుకీ చెప్పింది. ఇప్పుడు మెట్టు మీద నిలబడి ఈ కుర్ర పాస్టరు కూడా అదే చెబుతున్నాడు, మన సంఘంలో ఒక అమ్మ చెప్పేది అంటూ. చెబుతూ తన వైపు చూడకుండా జాగ్రత్త పడుతున్నాడు, మంచి పిల్లాడు.

ఆవిడ అలా వెళ్ళిపోతుందని ఎవరనుకున్నారు. పిల్ల జ్వరం బాగా ముదిరిన రోజుల్లో తెల్లవారకట్టే లేచి మంచం పక్కన మోకాళ్ళేసేది. తాత ఆ వేళకే మిషను ముందు కూర్చునేవాడు, నిద్ర పట్టని మనిషి ఇంకేం చేస్తాడు. ఒకరోజు దారం తెగి మిషను ఆపాడు. ఆపినప్పుడు వినపడింది. నేను తిన్నాను, తిరిగాను, అన్నీ చూశాను, కావాలంటే నన్ను తీసుకో, దాన్ని ఉంచు. సంతలో బేరమాడినట్టు, మామూలు గొంతుతోనే. తాత దారం ఎక్కించబోయాడు, బెజ్జం కనపడలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పిల్లకి మందు కలుపుతూ స్పూను చేతిలో ఉండగానే కూలబడిపోయింది. పిల్ల లేచింది, మెల్లమెల్లగా. బేరం కుదిరిందన్నమాట అనుకున్నాడు తాత. ఆవిడ మీద కోపం వచ్చింది, నన్ను ఒక్కమాటైనా అడగకుండా బేరమెలా కుదుర్చుకుంటావని. పైవాడి మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది, ఆవిడ అంటే మాత్రం నువ్వు ఒప్పేసుకోవడమేనా అని. అప్పట్నించి ఆయనతో మాటలు మానేశాడు. అసలే మాట్లాడని మనిషి మాటలు మానేస్తే ఎవరికి తెలుస్తుంది. ప్రతి ఆదివారం వచ్చాడు, లేవమంటే లేచాడు, కూర్చోమంటే కూర్చున్నాడు, పెదవులు కదిపాడు. ఎవరూ పట్టుకోలేదు. మంచం మీద పడుకున్న పిల్ల పట్టుకుంది. మిషను చప్పుడే వినపడేది తాతా. అంతకు ముందు మాత్రం ఏమన్నా చేశాడా. చేశాడో లేదో తనకే తెలియదు. దాని దగ్గు వినపడ్డప్పుడల్లా పెడలు గట్టిగా తొక్కాడు, దగ్గు ఆగితే మెల్లగా తొక్కాడు. అది ప్రార్థనే అని ఎవరైనా పెద్దమనసుతో అనొచ్చు, తను మాత్రం అనలేడు. అంత గడుసుతనం లేదు.

నిన్న సాయంత్రం గౌను తొడిగి చూశారు. అప్పటిదాకా తాతకి అనుమానమే రాలేదు. ఊళ్ళో పిల్లలందరినీ నిలబెట్టి, వెనక్కి తిప్పి, చేతులెత్తించి కొలిచిన మనిషి ఇంట్లో పిల్లని కొలవలేదు. కొలవాల్సిన పనేముంది, కళ్ళ ముందున్న పిల్లేగా. పోయిన ఏడు కొలత చేతుల్లోనే ఉంది, ఆ కొలతకే కత్తిరించాడు, జబ్బు చేసి చిక్కిన పిల్ల కదా ఇంకా వదులే అవుతుంది అనుకున్నాడు. తొడిగితే గౌను మోకాలి పైకి ఎక్కి కూర్చుంది. నడుము ఉండాల్సిన చోట లేదు, చేతులు మణికట్టు పైనే ఆగిపోయాయి. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల అద్దంలో చూసుకుని, చెప్పానుగా ఒంటెనని అంది, ఏడుపు ఒక్కటే తక్కువ. తాతకి నోట మాట లేదు, అది మామూలే గానీ ఈసారి చేతులు కూడా ఆడలేదు. ఇదేంటి, ఇది ఎప్పుడు ఎదిగింది. ఏడాదిగా అది పడుకుని ఉండగానే చూశాడు. పడుకున్న మనిషి పొడుగు ఎవరు చూస్తారు. మొహం చూశారు, ఊపిరి చూశారు, ఒళ్ళు కాలుతోందా లేదా అని నుదురు చూశారు, మందు సీసా చూశారు. దుప్పటి కింద కాళ్ళు ఎంత దూరం వెళ్ళాయో ఎవరూ చూడలేదు. అలవాటు కొద్దీ కింద బాగా మడత ఉంచాడు కాబట్టి సరిపోయింది, చేతుల దగ్గరా ఉంచాడు. పొద్దున్నే లేచి ఆ కుట్లన్నీ విప్పి, మడతంతా దించి, కొసాకొసన సన్నగా మళ్ళీ కుట్టాడు. మోకాలి కిందికి వచ్చింది. పాత మడత గీత మాత్రం ఇస్త్రీ పెట్టె ఎంత ఒత్తినా సన్నగా కనపడుతూనే ఉంది. పిల్ల ఇప్పుడు బల్ల మీద కూర్చుని ఆ గీత మీదే వేలితో రాస్తోంది, అటూ ఇటూ, అటూ ఇటూ.

ఆ వేలు చూస్తుంటే తాతకి ఏదో తట్టింది. పాస్టరు ఏదో అంటున్నాడు, చెవిన పడటం లేదు. దించడానికి ఇంక లోపల బట్ట లేదు, అంతా అయిపోయింది, వచ్చే ఏడాదికి కొత్తది కుట్టాల్సిందే. అది కాదు తట్టింది. డాక్టరు పెదవి విరిచిన రోజుంది, ఆ రోజు కూడా ఇది ఎదిగింది. ఆవిడ మోకాళ్ళ మీద బేరమాడిన రోజు ఎదిగింది. ఆవిడ పోయిన రోజు, ఇల్లంతా జనం, ఎవరూ దానికి మంచినీళ్ళు కూడా ఇవ్వడం గుర్తుంచుకోలేదు, ఆ రోజూ ఎదిగింది. తను కోపంతో మాటలు మానేసి, మిషను దడదడలాడిస్తూ కూర్చున్న రోజులన్నిటా, పక్కనే, కిటికీ వెలుతురులో, దుప్పటి కింద, ఎవరి కొలతకీ అందకుండా కాస్త కాస్త. బేరం పెట్టేవాడు ఇలా దొంగచాటుగా పెంచుతాడా. ఒకదాన్ని తీసుకుని ఒకదాన్ని ఇచ్చేవాడైతే ఇచ్చిందాన్ని ఉన్నంతే ఇచ్చి ఊరుకునేవాడుగా. ఇంకా పొడుగు ఎందుకు. తాతకి కోపం పోలేదు. ఆవిడ పక్కన లేని బల్ల బోసిగానే ఉంది, ఆ బోసితనానికి జవాబు ఇంకా రాలేదు. కానీ ఇన్నాళ్ళూ తను తలుపు మూసుకున్నాననుకున్న గదిలో ఇంకొకరు చప్పుడు చెయ్యకుండా పని చేసుకుంటూనే ఉన్నారని అనిపించింది. నోట్లో సూదులు పెట్టుకున్న పనివాడిలాగే. అలా అనుకోగానే భయమేసింది, తప్పేమోనని. తప్పైతే ఆవిడ నవ్వేది, ఆ నవ్వు గుర్తొచ్చి భయం పోయింది.

పిల్లలు లేవండి, పెద్దలు రండి అన్నాడు పాస్టరు. మొదటి బల్ల నించి మొదలు. ఒక తండ్రి గడగడా చేసేశాడు, ఒక నాయనమ్మ ఏడ్చింది, బేకరీ ఆయన తన కొడుకు పక్కవాళ్ళ పెన్సిళ్ళు కొరకకుండా చూడమని అడిగితే అందరూ నవ్వుకుంటూనే ఆమేన్ అన్నారు. వరసలో ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గుతూ వస్తున్నారు. మూడో తరగతి గది, వెనక బల్ల, కిసుక్కుమనే ముక్కులు. తాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు మాటలు. ప్రభువా అన్నది ఒకటి, ఆ రెండోది ఏంటి. టైలరు తాతగారి ఇల్లు అన్నాడు పాస్టరు. కూతురు వెన్ను మీద చెయ్యి వేసింది. పిల్ల అప్పటికే లేచి, ఒక్కతే, తిరిగి చూడకుండా ముందుకి నడిచింది, ఈకల జుట్టు, పొడుగు కాళ్ళు, గౌను అంచున సన్నటి గీత. మందిరంలో గుసగుసలు ఆగిపోయాయి. అది మెట్టు దగ్గర తన సంచి పక్కన నిలబడింది. తలొంచుకుంది, భుజాలు ముందుకి ముడుచుకుంది, ఉన్న పొడుగుని ఎక్కడో దాచేసుకోవాలన్నట్టు నిలబడింది.

తాత వెళ్ళి వెనక నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి తల మీద పెట్టాడు. వెచ్చగా ఉంది తల, మామూలు వెచ్చదనం, ఒక ఏడాది పాటు ఇల్లంతా కోరుకున్న వెచ్చదనం. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. వెనక బల్లల్లో ఎవరో దగ్గారు, ఎవరో దగ్గొద్దని సైగ చేసినట్టున్నారు. నోరు మళ్ళీ తెరిచాడు, పచ్చి వెలక్కాయ ఉన్నచోటే ఉంది. పిల్ల భుజాలు ఇంకా ముడుచుకున్నాయి. ఆ భుజాలు చూడగానే తల మీది చెయ్యి దానంతటదే జారి భుజం మీదికి వచ్చింది, రెండో చెయ్యి రెండో భుజం మీదికి వచ్చింది, కొట్లో వచ్చినట్టు, ఏ పిల్లొచ్చినా వచ్చినట్టు. నోరు దాని పని అది చేసేసింది.

"నిటారుగా నిలబడు తల్లీ. కింద చూడకు, ముందుకి చూడు. ఊపిరి బిగబట్టకు."

అవే నాలుగు మాటలు. అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. ముందు వరస పిల్లలు, కొట్లో ఆ మాట విన్న పిల్లలందరూ, తలలు వంచుకుని ఉన్నవాళ్ళు, ఉన్నపళంగా నిటారుగా నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. తన అరచేతుల కింద భుజాలు వెనక్కి వెళ్ళాయి, మెడ లేచింది, పిల్ల పొడుగైంది, నిన్నటి అద్దంలో కన్నా పొడుగు. అది ఊపిరి వదిలింది, తాతకి వినపడింది. దాంతోపాటు తన గొంతులోదేదో కూడా కదిలింది.

"ప్రభువా," అన్నాడు. ఆగాడు. "మంచం మీద పడుకోబెట్టి కూడా పెంచావు. నేను చూసుకోలేదు." మళ్ళీ ఆగాడు. మాట ఒక్కొక్కటీ సూది నోట్లోంచి తీసినట్టు తీయాల్సి వస్తోంది. "నేనుంచిన మడత అయిపోయింది. ఇంక నువ్వుంచిందే."

అంతే వచ్చింది. ఇంకేమన్నా ఉందేమోనని వెతుక్కున్నాడు, లేదు. మందిరమంతా తలలు వంచుకుని ఎదురు చూస్తూనే ఉంది, ఈ ఇంటి ప్రార్థన అంటే పెన్నులు, టీచరు మోకాళ్ళు, లారీలు అన్నీ అయ్యేదాకా పూర్తవదని అందరికీ అలవాటు. డ్రైవరు ఒక కన్ను తెరిచి చూశాడు. పాస్టరు కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు. పిల్ల మెడ తిప్పకుండా, ముందుకే చూస్తూ, పెదవుల సందులోంచి అడిగింది.

"అయిపోయిందా తాతా?"

"అయింది."

"ఆమేన్," అంది పిల్ల, మందిరంలో అందరికన్నా ముందు, చివరి బల్ల దాకా వినపడేలా. ఆ వెనక ఆ మాట అన్ని బల్లల్లోంచీ వచ్చింది, కూతురి గొంతు తెలిసింది, డ్రైవరు గొంతు తెలిసింది, ఎప్పుడూ అందరికన్నా పొడుగ్గా సాగదీసే ఒక గొంతు ఉండాల్సిన చోట ఖాళీ తెలిసింది. తాత చేతులు తీయబోయాడు. పిల్ల సంచి ఎత్తుకోవడానికి వంగింది, వంగి లేస్తూ ఆయన వైపు తిరిగింది. ఇప్పుడు దాని కళ్ళు ఆయన గడ్డం దాకా వస్తున్నాయి, పోయిన ఏడు గుండీల దాకా వచ్చేవి. అది ఆయన కాలరు వైపు చూసింది. దోపుకున్న కొస ఒకటి ఎప్పుడు జారిందో కోటు బయట ఊగుతోంది.

"రేపు బడి దాకా వస్తావు కదా," అంది, సంచి భుజానికి తగిలించుకుంటూ. "అప్పుడు మాత్రం ఇది తీసేసి రా తాతా. నవ్వుతారు."